షోరూమ్‌లో విన్న నాదం ఇంట్లో వినిపించకపోతే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: నేను విజయవాడలో టైల్స్ వ్యాపారం చేస్తున్నాను. కర్ణాటక సంగీతం వినడం కోసమే మా మేడ మీద 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని కేటాయించుకున్నాను. హైదరాబాద్‌లోని ఒక డీలరు దగ్గర చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొందామని వెళితే, గది కొలతలు, ఫొటోలు తెప్పించుకుని చూసిన మీదట, పెద్ద ఫ్లోర్‌స్టాండింగ్ జత తీసుకోమని ఆయనే చెప్పారు. స్పీకర్లకు 10.80 లక్షలు, ఇంటి దగ్గర అమరిక, ట్యూనింగ్‌కు 80 వేలు, మొత్తం 11.60 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. ‘మా షోరూమ్‌లో విన్నట్టే మీ గదిలోనూ వినిపిస్తాం, ఆ బాధ్యత మాది’ అని వాట్సాప్‌లో రాశారు. 2025 మార్చి 12న సరుకు వచ్చింది. వెంట వచ్చిన కుర్రవాడు స్పీకర్లను గోడకు అడుగు దూరంలో నిలబెట్టి, 40 నిమిషాల్లో వెళ్లిపోయాడు. వయొలిన్ బాగానే ఉంది కానీ, మృదంగం తొప్పి (మందంగా మోగే ఎడమ ముఖం) మోగితే చాలు గదంతా గుమ్మని నిండిపోయి, గాయకుడి గొంతు వినిపించడం లేదు. అడిగితే ‘లోపం మీ గదిలో ఉంది, స్పీకర్లలో కాదు’ అంటున్నారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని బిల్లు మీద ముద్ర ఉంది. వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని కూడా రాసి ఉంది. బిల్లు మా సంస్థ జీఎస్టీ నంబరుతో తీసుకున్నాను. ఇంకా 50 వేలు బాకీ ఉన్నాను. పూర్తి డబ్బు వెనక్కి వస్తుందా? బాకీ ఆపేయవచ్చా?

జవాబు: లోపం గదిలో ఉందన్న మాట సాంకేతికంగా చాలావరకు నిజమే కావచ్చు. అంతమాత్రాన ఆ డీలరు బాధ్యత తీరిపోదు. ఆ గదిని చూసి, ఆ గదికే తగిన స్పీకర్లు ఇస్తానని, ఆ గదిలోనే వాటిని సరిగా పలికిస్తానని విడిగా 80 వేలు ధర కట్టిన మనిషి, పని చెడిన తరువాత గదిని సాకుగా చూపడానికి వీలు లేదు. మీ కేసుకు బలం ఇక్కడే ఉంది. పూర్తి సొమ్ము వాపసు కోరడంలో మాత్రం అంత బలం లేదు. ఈ తేడా మొదట గ్రహించండి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువులోని లోపాన్ని, సేవలోని లోపాన్ని వేర్వేరుగా నిర్వచించింది. వస్తు లోపం గురించి చెప్పే 2(10) సెక్షన్‌లో చట్టం లేదా ఒప్పందం కోరే నాణ్యతతో పాటు, వర్తకుడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం అనే మాట కూడా ఉంది. సేవా లోపం గురించి చెప్పే 2(11) సెక్షన్ ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న తీరులో చేయకపోవడాన్నే కాక, కొనుగోలుదారుకు తెలియవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని కూడా లోపంగానే పరిగణిస్తుంది. చిన్న గదికి పెద్ద స్పీకర్లు బరువవుతాయని తెలిసి కూడా చెప్పకపోతే అది ఈ రెండో కోవలోకి వస్తుంది. కాబట్టి మీ ఫిర్యాదులో సేవా లోపం ముందు నిలవాలి. వస్తు లోపం, అది కూడా రుజువు దొరికితేనే, దాని వెనుక రావాలి.

ఏ లోపమో తేల్చేది కొలత. మీ గదిలో జరుగుతున్నది నాకు అర్థమైనంతలో ఇది: ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి ప్రతి గదికీ కొన్ని స్వరాలు అతిగా మోగే గుణం ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది గనుక, 14 అడుగుల పొడవుకు ఆ స్వరం 40 హెర్ట్‌జ్ దగ్గర, మళ్లీ దానికి రెట్టింపైన 80 దగ్గర పడుతుంది. సున్నం పూసిన ఇటుక గోడలు, టైల్స్ నేల ఉన్న మన ఇళ్లలో ఆ మోత త్వరగా అణగదు. స్పీకర్లను గోడకు దగ్గరగా పెడితే అది పెరుగుతుంది. వినేవారు వెనుక గోడకు ఆనుకుని కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. స్పీకర్లను ముందుకు జరపడం, సోఫాను వెనుక గోడ నుంచి లాగడం, మూలల్లో బేస్ ట్రాప్‌లు (కింది స్వరాల మోతను పీల్చుకునే దిమ్మలు) నిలపడం, స్పీకర్ల ముఖాలను శ్రోత వైపు కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ మైకుతో కొలిచి చూడడం, ఇవన్నీ కలిస్తేనే ట్యూనింగ్ అవుతుంది. 40 నిమిషాల్లో, మైకు బయటికి తీయకుండా ముగించిన పనిని ఆ పేరుతో పిలవడం కష్టం. స్పీకర్ల వెంట వచ్చిన తయారీదారు పుస్తకంలో గోడకు ఎంత దూరం ఉంచాలో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ పేజీ వెతకండి. వారి చర్య ఆ సూచనకు విరుద్ధమని తేలితే అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో, కాలిబ్రేషన్ ఫైలు (మైకు సొంత తేడాలను సరిదిద్దే ఫైలు) ఉన్న కొలత మైకు పెట్టి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఎడమ, కుడి స్పీకర్లను విడివిడిగా, మోస్తరు శబ్దంతో కొలవండి. తరువాత రెండు స్పీకర్ల స్థానాలను ఒకదానికొకటి మార్చి మళ్లీ కొలవండి. గ్రాఫులోని తేడా స్పీకరుతో పాటు కదిలితే అది స్పీకరు లోపం. స్పీకరు మారినా చోటును వదలకపోతే అది గది, అమరికల సంగతి. న్యాయవాదిగా నాకు ఈ పరీక్ష ఎందుకు విలువైనదంటే, 2(10), 2(11) సెక్షన్లలో మీ వివాదం దేని కిందికి వస్తుందో, ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ సభ్యులకు ఒక్క కాగితంతో చూపించగలదు. తీగల ప్లస్, మైనస్ ఒక వైపు తారుమారుగా కలిపారేమో కూడా చూడండి. అలా జరిగితే కింది స్వరాలు పలచబడి, గొంతు మధ్యలో నిలవక చెదిరిపోతుంది. అది కచ్చితంగా అమర్చినవారి తప్పు. ఈ పనులు ఆడియో కొలతలు తెలిసిన, ఆ డీలరుతో సంబంధం లేని ఇంజినీరు చేత చేయించి, తేదీ, గది కొలతలు, స్పీకర్ల సీరియల్ నంబర్లు ఉన్న నివేదిక, దానికి ఆయన ప్రమాణపత్రం తీసుకోండి. మొదట ఇప్పుడున్న స్థితిలోనే, ఏదీ కదపకముందే కొలిపించి, గోడల దూరాలు టేపుతో సహా కనిపించేలా ఫొటోలు తీయించండి. స్పీకరు పెట్టె మరలు మాత్రం ఎవరినీ విప్పనివ్వవద్దు. అట్టపెట్టెలు పారేయవద్దు, దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా వాటి మీదే ఉండాలని తూనికలు, కొలతల శాఖ నియమం, రేపు దిగుమతిదారును కూడా ప్రతివాదిగా చేర్చవలసి వస్తే అది కావాలి.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. సేవా లోపం ఉందని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో స్పష్టంగా చెప్పింది. నాకు బాగా వినిపించడం లేదన్న మాట ఎంత నిజమైనా, కమిషన్ ముందు అది అభిప్రాయంగానే మిగులుతుంది. 38(2) సెక్షన్ కింద లోపం ఆరోపించిన వస్తువును ప్రయోగశాలకు పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పించే వీలుంది కానీ, గదిని ప్రయోగశాలకు పంపలేం కదా. అందువల్ల మీ ఇంటికే వచ్చి, ఇరుపక్షాల సమక్షంలో కొలతలు తీసేలా, తన తరఫున పరిశీలించే కమిషనర్‌ను, నిపుణుడిని నియమించమని కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకోవడమే సరైన దారి.

ఇక డీలరు మీరు ఫలానా బ్రాండు అడిగి కొన్నారని, పేరు చూసి కొన్న వస్తువు ప్రత్యేక అవసరానికి తగినదన్న హామీ ఉండదని వాదించవచ్చు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు ఉన్నమాట వాస్తవం. అయితే అదే సెక్షన్, కొనేవారు తన అవసరాన్ని చెప్పి, అమ్మేవారి నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదిగా ఉండాలన్నది రాయకపోయినా ఒప్పందంలో షరతేనని చెబుతుంది. మీరు చిన్నవి అడిగారు, గది కొలతలు పంపారు, పెద్దవి ఆయన చెప్పారు. ఈ మూడు విషయాలు సందేశాల్లో ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. ఆ సంభాషణను మొదటి నుంచి చివరి వరకు, మధ్యలో ఒక్కటి కూడా తొలగించకుండా భద్రపరచి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రంతో దాఖలు చేయండి. ఫోను మార్చేటప్పుడు ఇలాంటి సాక్ష్యం పోగొట్టుకున్న కక్షిదారులను చూశాను గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

వాపసు లేదన్న ముద్ర మిమ్మల్ని భయపెట్టనక్కరలేదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని, లోపమున్న సేవకు సొమ్ము తిరిగి ఇవ్వనని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో నిరాకరించడం 2(47) సెక్షన్ కింద అనుచిత వాణిజ్య పద్ధతి. హైదరాబాద్ కోర్టుల షరతు సివిల్ దావాలో కొంత పనికొస్తుందేమో గానీ, ఫిర్యాదుదారు నివసించే చోటే కమిషన్‌ను ఆశ్రయించే హక్కును 1986 చట్టంలో లేకపోయినా 2019 చట్టం 34వ సెక్షన్‌లో ప్రత్యేకంగా ఇచ్చింది కాబట్టి, విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి అది జిల్లా కమిషన్ పరిధిలోదే. మీరు చెల్లించిన 11.10 లక్షలకు ఫిర్యాదు రుసుము 400 రూపాయలు.

మీ ప్రశ్నలో నన్ను నిజంగా కలవరపెట్టింది జీఎస్టీ నంబరు. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు గనుక, ఎదుటిపక్షం మొదట పట్టుకునేది దీన్నే. కొన్న పేరు కాదు, కొనుగోలు ప్రధాన ఉద్దేశం చూడాలని 2019లో లీలావతి ట్రస్టు కేసులోనూ, వాణిజ్య ప్రయోజనమని రుజువు చేసే భారం ఆ మాట అన్నవారి మీదే ఉంటుందని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. స్పీకర్లు మీ మేడ గదిలో ఉన్నాయి, సంగీతం వినేది మీరు. ఆ మేరకు ధైర్యంగా ఉండవచ్చు. అయితే ఆ బిల్లు మీద మీ సంస్థ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన జీఎస్టీని తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, వ్యాపారానికని ప్రభుత్వానికీ, సొంతానికని కమిషన్‌కూ రెండు మాటలు చెప్పినట్టవుతుంది. సొంత వాడకానికి కొన్న వస్తువుల మీద క్రెడిట్‌ను కేంద్ర జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ అనుమతించదు. నోటీసు ఇవ్వకముందే మీ ఆడిటర్‌ను కలిసి, తీసుకున్న క్రెడిట్‌ను రావలసిన వడ్డీతో సహా వెనక్కి కట్టండి. ఇది కేసు గెలవడానికి చెబుతున్న కిటుకు కాదు, చేయవలసిన పని. ఫిర్యాదును సంస్థ పేరున, వస్తువును వాడుకునే వ్యక్తిగా మీ పేరున కలిపి వేయండి.

ఏమి కోరాలన్నది మెట్లుమెట్లుగా ఉండాలి. ముందు రశీదు దొరికే స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ నోటీసు పంపి, 15 రోజుల్లో అర్హత గల ఇంజినీరును పంపి, మైకు కొలతలతో ట్యూనింగ్ మళ్లీ చేయమని అడగండి. అది కుదరకపోతే గదికి తగిన చిన్న జతకు మార్చి మిగిలిన సొమ్ము ఇవ్వమని, అదీ కాదంటే స్పీకర్లు తీసుకుని ధర తిరిగి ఇవ్వమని కోరండి. ఫిర్యాదులోనూ ఇదే వరుస ఉంచండి. గదిని సరిచేయడానికి మీకయ్యే ఖర్చును, ట్యూనింగ్ రుసుమును, ఇంజినీరు నివేదిక ఖర్చును రశీదులతో అడగండి. మానసిక వేదనకు పెద్ద అంకె వేస్తే మిగతా లెక్కకూ విలువ తగ్గుతుందని నా అభిప్రాయం. ఇలాంటి వివాదాన్ని కమిషన్ 37వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి పంపే అవకాశం ఉంది; పంపితే కాదనకండి, ఎందుకంటే మీకు కావలసింది తీర్పు కాగితం కంటే గదిలో మంచి సంగీతమే కదా. నోటీసుకు ముందు 1915కి ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయడం కూడా మంచిదే. 69వ సెక్షన్ ప్రకారం కాలపరిమితి రెండేళ్లు. అటునుంచి రేపు మాపు అని వచ్చే సందేశాలు దాన్ని పొడిగించవు గనుక, సరుకు వచ్చిన రోజు నుంచే లెక్కపెట్టి, 2027 మార్చి మొదటి వారం దాటనివ్వకండి.

బాకీ ఉన్న 50 వేల విషయంలో మౌనంగా ఉండడం తప్పు. హామీ ఉల్లంఘన జరిగినప్పుడు ధరలో తగ్గింపు కోరే హక్కు వస్తు విక్రయ చట్టం 59వ సెక్షన్ ఇస్తుంది. అయితే ఆ హక్కును వాడుకుంటున్నట్టు రాతపూర్వకంగా చెప్పకపోతే, ఎగవేతదారుగా మిమ్మల్ని చిత్రించడానికి వారికి అవకాశం దొరుకుతుంది. ట్యూనింగ్ సరిగా పూర్తయిన రోజున ఈ మొత్తం చెల్లిస్తానని, కమిషన్ ఆదేశిస్తే అక్కడ జమ చేయడానికి కూడా సిద్ధమని అదే నోటీసులో ఒక పేరాగా చేర్చి, ఆ సొమ్మును ఖాతాలో కదపకుండా ఉంచండి.