మందుల కౌంటర్ చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ పూర్తి చేసింది. ఆరు నెలల్లో 'ఫార్మసీ టెక్నీషియన్' సర్టిఫికెట్ ఇస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. రెండేళ్ల డి.ఫార్మసీ దండగ అంటున్నారు. ఏది నమ్మాలి?
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: మళ్లీ ఫోన్ వస్తే ఒక్కటే అడగండమ్మా. "ఈ సర్టిఫికెట్‌తో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్లో మా అమ్మాయి పేరు రిజిస్టర్ అవుతుందా?" అని. సూటిగా జవాబు రాదు, ఎందుకంటే కాదు కాబట్టి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టు. ఆ రిజిస్ట్రేషన్‌కి కనీస చదువు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కాలేజీలో డి.ఫార్మసీ. ఆరు నెలల కోర్సు చేసినవాళ్లు షాపులో బాక్సులు సర్దొచ్చు, బిల్లు కొట్టొచ్చు. జీతం అక్కడే ఆగిపోతుంది.

ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే డి.ఫార్మసీకి అర్హత ఉన్నట్టే. అంటే ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మన రెండు రాష్ట్రాల్లోనూ సాంకేతిక విద్యాశాఖ ఇంటర్ మార్కుల మీదే సీట్లు ఇస్తుంది. చేరే ముందు ఆ కాలేజీ పేరు కౌన్సిల్ వెబ్‌సైట్లో, మీరు చేరే విద్యా సంవత్సరం జాబితాలో ఉందో లేదో స్వయంగా చూసుకోండి. గోడ మీద వేలాడే పాత అనుమతి పత్రం లెక్కలోకి రాదు.

2020 నిబంధనలతో సిలబస్ మారింది. మొదటి ఏడాది ఫార్మాస్యూటిక్స్, కెమిస్ట్రీ, ఫార్మకాగ్నసీ, అనాటమీ, సోషల్ ఫార్మసీ. రెండో ఏడాది ఫార్మకాలజీ, కమ్యూనిటీ ఫార్మసీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకోథెరప్యూటిక్స్, హాస్పిటల్ ఫార్మసీ, చట్టాలు. ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. దాన్ని మూడు నెలలకు తగ్గకుండా చేయాలి, అందులో కనీసం 250 గంటలు చీటీలు చూసి మందులివ్వడంలోనే గడవాలి. రిజిస్ట్రేషన్‌కి ముందు ఎగ్జిట్ పరీక్ష రాయాలని 2022లో మరో నిబంధన వచ్చింది. మూడు పేపర్లు, అన్నీ ఆబ్జెక్టివ్, ఇంగ్లిష్‌లోనే. ఒక్కో పేపర్లో 50 శాతం రావాలి, మూడూ ఒకే విడతలో గట్టెక్కాలి. మీ అమ్మాయి బ్యాచ్‌కి ఇది ఎలా వర్తిస్తుందో కౌన్సిల్ ప్రకటనలో చూడండి, కాలేజీ వాళ్ల నోటిమాట మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: డి.ఫార్మసీ మొదటి ఏడాది చదువుతున్నాను. ల్యాబ్‌లో ఎమల్షన్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపిన మందు) చేసిన ప్రతిసారీ నూనె పైకి తేలిపోతోంది. గమ్ తక్కువైందంటారు సార్. కానీ నేను తూకం సరిగ్గానే వేస్తున్నాను.
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తూకం సరిగ్గా ఉన్నా ఎమల్షన్ చెడుతుంది, సాధారణంగా మొదటి రెండు నిమిషాల్లోనే. ఆముదం ఎమల్షన్ తీసుకుందాం. మామూలు నూనెలకి ప్రైమరీ ఎమల్షన్ (ముందుగా చేసుకునే చిక్కటి మిశ్రమం) కొలత నూనె 4, నీళ్లు 2, గమ్ 1. అంటే 8 మి.లీ. ఆముదానికి 4 మి.లీ. నీళ్లు, 2 గ్రాముల గమ్ అకేషియా, అదే తుమ్మబంక పొడి. లిక్విడ్ పారాఫిన్‌కి 3:2:1, టర్పెంటైన్ లాంటి ఆవిరయ్యే నూనెలకి 2:2:1. ఆముదం కొలతనే టర్పెంటైన్‌కి వాడితే మీ సార్ అన్న మాట నిజమవుతుంది, గమ్ సగమే పడుతుంది.

ఇక చేతి పని. కడిగిన మోర్టార్‌ని గుడ్డతో పొడిగా తుడవాలి, అడుగున చెమ్మ ఉంటే పొడి అక్కడే ఉండ కడుతుంది. నునుపైన గాజు మోర్టార్ ఈ పనికి పనికిరాదు, గరుకు పింగాణీది కావాలి. ఆముదానికి ఒక కొలగ్లాసు, నీళ్లకి వేరొకటి. నీళ్లు ముందే కొలిచి పక్కన పెట్టుకోండి. గమ్ మీద నూనె పోసి, పొడి తడిసేంత వరకే తేలిగ్గా కలపాలి. ఇక్కడే పదిహేను సెకన్లు ఎక్కువ నూరడం మొదటి తప్పు. తర్వాత ఆ 4 మి.లీ. నీళ్లు ఒక్కసారిగా పోసేయాలి. చుక్కచుక్కగా పోస్తే నూనెలో నీళ్లు ఇరుక్కుని ఎమల్షన్ తిరగబడుతుంది. పోసిన మరుక్షణం నుంచి ఒకే వైపు, వేగంగా, ఆగకుండా నూరాలి. రెండు మూడు నిమిషాలకి మిశ్రమం మీగడలా తెల్లబడి చిక్కబడుతుంది, రోకలి తిప్పుతుంటే 'టక్ టక్'మని అంటుకుని ఊడే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడే దాకా మిగతా నీళ్ల జోలికి వెళ్లొద్దు. నూనెరంగులో, పల్చగా జారుతూ కనిపిస్తే అది చెడిపోయినట్టే. పైన ఎన్ని నీళ్లు పోసినా బాగుపడదు, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. మార్కులు పోతాయని దాన్నే సీసాలో నింపి లేబుల్ అతికించేవాళ్లున్నారు. వైవా అయ్యేలోపు సీసాలో రెండు పొరలు కనిపిస్తాయి.

ప్రశ్న: ట్రైనింగ్ కోసం మెడికల్ షాపులో చేరాను. మూడు వారాలుగా ర్యాకులు సర్దిస్తున్నారు, టీలు తెప్పిస్తున్నారు. ఈ 500 గంటల్లో అసలు ఏం నేర్చుకోవాలి?
- డి.ఫార్మసీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ర్యాకులు సర్దడాన్ని తక్కువ చేయొద్దు. ఏ మందు ఎక్కడుందో, దేని ఎక్స్‌పైరీ దగ్గరపడిందో అక్కడే తెలుస్తుంది. కాకపోతే ఈ వారం నుంచి చేతికొచ్చిన ప్రతి సీసా మీదా ఒక్క విషయం చదవండి: ఎన్ని మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉన్నాయి?

పారాసిటమాల్ తీసుకోండి. చంటిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా., అంటే 1 మి.లీ.కి 25. డ్రాప్స్ నాలుగింతలు చిక్కన. 8 కిలోల బిడ్డకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున 120 మి.గ్రా. అనుకుంటే, డ్రాప్స్ అయితే 1.2 మి.లీ., ఆ సిరప్ అయితే 4.8 మి.లీ. సిరప్ లేదని డ్రాప్స్ సీసా ఇచ్చి "అదే మందమ్మా, ఒక చెంచా పట్టండి" అంటే బిడ్డకి 5 మి.లీ.లో 500 మి.గ్రా. పడుతుంది. పేరు ఒకటే, జ్వరం మందే, తప్పు మాత్రం సీసా మీది చిన్న అక్షరాల్లో ఉంది. సిరప్‌లో 250 మి.గ్రా. రకం కూడా ఉంది, కాబట్టి డాక్టరు 'సిరప్' అని మాత్రమే రాస్తే ఏ బలమో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇన్సులిన్‌దీ ఇదే కథ, ఇంకా ప్రమాదకరం. మన దగ్గర వయల్స్ అనే చిన్న ఇంజెక్షన్ సీసాల‌లో 1 మి.లీ.కి 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత. 100 వయల్ కొన్న మనిషికి ఎర్ర మూత సిరంజి ఇచ్చారనుకోండి. ఆయన 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అందులో 50 యూనిట్లుంటాయి. షుగర్ పడిపోయి ఆసుపత్రి పాలవడానికి అది చాలు. తారుమారైతే 20కి బదులు 8 యూనిట్లే ఎక్కి, షుగర్ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుచిక్కదు. వయల్, సిరంజి రెండూ పక్కపక్కన పెట్టి అంకెలు కలిశాకే సంచిలో వేయండి.

డ్రై సిరప్ కలిపి ఇమ్మని అడిగేవాళ్లు రోజూ వస్తారు. ముందు సీసాని తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయండి. కాచి చల్లార్చిన నీళ్లు గుర్తుకి సగం దాకా పోసి బాగా కుదపండి. నురగ దిగేదాకా ఆగి, అప్పుడు గుర్తు వరకు నింపండి. నురగని చూసి నిండిందనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కనవుతుంది. మెడ దాకా పోస్తే పల్చనవుతుంది: 5 మి.లీ.కి 200 మి.గ్రా. ఉండాల్సిన 30 మి.లీ. సీసాలో మొత్తం మందు 1200 మి.గ్రా., అది 40 మి.లీ. అయితే చెంచాకి 150 మాత్రమే. వేడి నీళ్లు పోస్తే కొన్ని యాంటీబయాటిక్స్ చెడిపోతాయి. కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో రాసివ్వండి. ఎన్ని రోజులు వాడొచ్చో, ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో మందుని బట్టి మారుతుంది, లేబుల్ మీద ఉంటుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. మెట్‌ఫార్మిన్ 500, మెట్రోనిడజోల్ 500: ఒకటి షుగర్‌కి, ఒకటి ఇన్‌ఫెక్షన్‌కి, గొలుసుకట్టు రాతలో రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పక్కన రాసిన మిగతా మందులు చూస్తే ఏదో తెలుస్తుంది. తెలియకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి, ఊహించకూడదు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. కవరు మీద 'సోమవారం మాత్రమే' అని వారం పేరు తెలుగులో రాసిచ్చే అలవాటు చేసుకోండి.

హెచ్1 రిజిస్టర్ (షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందుల అమ్మకాల పుస్తకం) రాయడం మీరే అడిగి తీసుకోండి, ఓనరు సంతోషంగా ఇస్తారు! సెఫిక్సిమ్, ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటివి అమ్మినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నవి అప్పటికప్పుడు రాయాలి, మూడేళ్లు దాచాలి. రాత్రి కూర్చుని బిల్లులు చూసి నింపే రిజిస్టర్‌ని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ సిరా రంగు చూసే పట్టేస్తారు. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇన్సులిన్‌ని ఐసు గడ్డ కట్టే అరకి ఆనించొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పనికిరాదు.

ప్రశ్న: డి.ఫార్మసీ పాసై రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. షాపుకి రానక్కర్లేదు, సర్టిఫికెట్ గోడకి తగిలిస్తే నెలనెలా డబ్బిస్తామని ఒకరు అంటున్నారు. పర్లేదా?
- నిజామాబాద్

జవాబు: వద్దు. మీరు లేనప్పుడు ఆ కౌంటర్లో ఎవరేమిచ్చినా కాగితాల మీద ఇచ్చింది మీరే. చీటీ మందులు ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలన్నది డ్రగ్స్ రూల్స్‌లోని 65వ రూలు. తనిఖీలో మీరు కనిపించకపోతే షాపు లైసెన్సుతో పాటు మీ రిజిస్ట్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఆ డబ్బు కన్నా ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరడం మేలు.

ప్రశ్న: అట్లాంటా దగ్గర ఉంటున్నాం. ఇండియాలో బి.ఫార్మసీ చేశాను, హెచ్4 మీద వర్క్ పర్మిట్ వచ్చింది. ఇక్కడి టెక్నికల్ కాలేజీలో ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు చేయమంటున్నారు. ఇంత చదివి మళ్లీ టెక్నీషియనా అనిపిస్తోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. కానీ అక్కడ ఫార్మసిస్టు కావాలంటే విదేశీ పట్టభద్రుల పరీక్షకి, 2003 తర్వాత పాసైనవాళ్లకి అయిదేళ్ల ఫార్మసీ డిగ్రీ కావాలి. మన నాలుగేళ్ల బి.ఫార్మసీ సరిపోదు, ఆరేళ్ల ఫార్మ్.డి సరిపోతుంది. అందుకే చాలామంది టెక్నీషియన్ దారి పడతారు.

మన దగ్గర లేని ఉద్యోగం అది. టెక్నీషియన్ చీటీని కంప్యూటర్లో ఎక్కిస్తారు, మాత్రలు లెక్కపెడతారు, ఇన్సూరెన్స్‌తో కుస్తీ పడతారు. ఆఖరి పరిశీలన, రోగికి మందు గురించి చెప్పడం ఫార్మసిస్టు పని. జార్జియాలో టెక్నీషియన్‌గా స్టేట్ బోర్డులో నమోదు కావాలి. టెక్నీషియన్లకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ స్థాయి బోర్డు పీటీసీబీ పరీక్షలో 90 ప్రశ్నలు, గంటా యాభై నిమిషాలు, 1000 నుంచి 1600 వరకున్న స్కేలు మీద 1400 వస్తే పాస్. ఆ పరీక్షకి కూర్చోవాలంటే పీటీసీబీ గుర్తించిన కోర్సు గానీ, 500 గంటల పని అనుభవం గానీ ఉండాలి. కాబట్టి కాలేజీ ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకి గుర్తింపు ఉందో లేదో చూడండి. పాసయ్యాక రెండేళ్లకోసారి 20 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్‌తో రెన్యూవల్.

ఫార్మకాలజీ మీకు వచ్చిందే, రెండు వారాల్లో తిరగేస్తారు. కొత్తగా తగిలేవి వేరే. డాక్టరు డీఈఏ నంబరు (మత్తు మందుల లాంటివి రాసే డాక్టర్లకి అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబరు) సరైందో కాదో చూడటం ఒకటి: ఏడంకెల్లో 1, 3, 5 స్థానాలవి కూడండి. 2, 4, 6 స్థానాలవి కూడి రెట్టింపు చేయండి. రెండూ కలిపితే వచ్చే మొత్తంలో చివరి అంకె, ఏడో అంకె ఒకటే కావాలి. 1234563 అయితే 9, 24, మొత్తం 33. చివర 3, సరిపోయింది. ఇది సరిపోయినంత మాత్రాన చీటీ అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం ఖాయంగా తేడా ఉంది.

రెండోది 'డేస్ సప్లై', అంటే ఇచ్చిన మందు ఎన్ని రోజులకి వస్తుందన్న లెక్క. 3 మి.లీ. పెన్నులు అయిదున్న ఇన్సులిన్ బాక్సులో 1500 యూనిట్లు. రోజుకి 25 అంటే 60 రోజులని టైప్ చేస్తారు కొత్తవాళ్లు. సూది మార్చినప్పుడల్లా 2 యూనిట్లు వదిలి చూడాలి కదా, రోజుకి 27 ఖర్చు. 55 రోజులకే బాక్సు అయిపోతుంది. 60 అని ఎక్కిస్తే రోగి రీఫిల్‌కి వచ్చేసరికి 'ఇంకా టైం ఉంది' అని ఇన్సూరెన్స్ తిప్పికొట్టొచ్చు, కౌంటర్ దగ్గర తిట్లు తినేది టెక్నీషియనే.

ట్రే మీద మాత్రలు అయిదేసి చొప్పున గరిటెతో జరుపుతూ లెక్కపెట్టడం చూడటానికి పిల్లలాటలా ఉంటుంది. పెన్సిలిన్ మాత్రలు లెక్కపెట్టాక ట్రేని ఆల్కహాల్‌తో తుడవకుండా తర్వాతి మందు పోస్తే, ఆ పొడి పెన్సిలిన్ పడని మనిషి సీసాలోకి వెళ్తుంది. హాస్పిటల్ వైపు వెళ్తే సెలైన్‌లో మందులు కలిపే హుడ్ (ఫిల్టర్ చేసిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల) దగ్గర శిక్షణ ఉంటుంది: హుడ్ అంచు నుంచి ఆరంగుళాలు లోపలే పని చేయాలి, ఫిల్టర్ గాలికీ సూది మొనకీ మధ్య చెయ్యి అడ్డు రాకూడదు. మన బి.ఫార్మసీ ల్యాబుల్లో హుడ్ ముందు కూర్చునే అవకాశం తక్కువ. కోర్సులో ఆ గంటలు ఎన్ని ఉన్నాయో అడిగి, ఎక్కువ ఉన్న కాలేజీనే ఎంచుకోండి.