మానసిక వైద్య నర్సు కాదలచిన అక్క కూతురికి

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

బి.ఎస్సీ. నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉన్న నువ్వు, అమెరికాలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్, అంటే మానసిక రోగులకు మందులు కూడా రాయగల నర్సు, కావాలంటే ఇప్పటి నుంచే ఏం చేయాలని అడిగావు. దారి చెప్పడం తేలికే. ముందు ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గి అక్కడ రిజిస్టర్డ్ నర్సు కావాలి. తర్వాత ఆ విభాగంలోనే మాస్టర్స్ గాని డాక్టరేట్ గాని చేసి, జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాసి, పనిచేయదలచిన రాష్ట్రంలో లైసెన్సు పొందాలి. మందులు రాసే అధికారం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంటుంది. మన దగ్గర ఆ హోదా ఇంకా అలా స్థిరపడలేదు. ఇక్కడున్నవి రెండేళ్ళ ఎం.ఎస్సీ. సైకియాట్రిక్ నర్సింగ్, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సీటు వస్తే మాత్రం మరో ఆలోచన పెట్టుకోకు.

అయితే ఏ దేశం వెళ్ళినా సరే, ముందు రెండు మూడేళ్ళు ఇక్కడి మానసిక వైద్య వార్డులో పనిచేయమనే నేనంటాను. మందు రాసే అధికారం చదువుతో వస్తుంది గాని, రాసిన మందు మనిషిలో ఏం చేస్తోందో పసిగట్టే చూపు వార్డులోనే అలవడుతుంది. రౌండ్లకు వచ్చిన డాక్టరు ఒక్కో మంచం దగ్గర కొద్ది నిమిషాలే ఉంటారు; రోగి రాత్రి ఎప్పుడు నిద్రపోయాడో, అన్నం ఎందుకు వదిలేశాడో తెలిసేది నర్సుకే.

బైపోలార్ జబ్బుకు, అంటే మనసు అతి హుషారుకూ అతి దిగులుకూ మధ్య ఊగే జబ్బుకు, ఇచ్చే లిథియం వాడే రోగినే తీసుకో. రక్తంలో దాని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ ఎడం చాలా తక్కువ. మే నెల ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, నడుం నొప్పికని షాపులో ఐబుప్రొఫెన్ కొని మింగినా రక్తంలో ఆ స్థాయి పెరిగిపోతుంది. చేతుల వణుకు ఎక్కువైందనీ, నడక తూలుతోందనీ, మాట ముద్దగా వస్తోందనీ ముందు గమనించవలసినది నువ్వు. గమనించాక తర్వాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే డాక్టరుకు తెలియజేసి, రక్తపరీక్ష జరిగేలా చూడాలి. రంజాన్ ఉపవాసాలుండే రోగులతో నెల మొదలవకముందే మాట్లాడి, ఆ సంగతి డాక్టరు చెవిన వేయాలి. అందుకే ఉర్దూ కూడా కాస్త నేర్చుకో, కనీసం నిద్ర, ఆకలి, భయం గురించి అడగగలిగేంత.

మాత్రను పొడిచేసి పప్పులో కలిపి పెడుతున్నామని తల్లులు నీతో గొంతు తగ్గించి చెబుతారు. వాళ్ళను నిందించకు, అలాగని సరే అనకు. సంగతి బయటపడిన రోజున ఆ కొడుకు మందుతో పాటు ఇంట్లో అన్నం కూడా మానేస్తాడు. ఈలోగా ఏదైనా ఇబ్బంది కలిగినా అది దేనివల్లో అతనికి తెలియదు. కొన్ని మందులు నెలకొకసారి ఇంజెక్షన్‌గా దొరుకుతాయి, ఆ మాట రోగి ఎదుటే డాక్టరుతో ఎత్తు. దర్గాకు తీసుకెళ్ళామన్నా, తాయెత్తు కట్టించామన్నా నవ్వకు. మాత్రలు ఆపవద్దని మాత్రం గట్టిగా చెప్పు.

చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకవద్దు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. ఇంటికి పంపేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కుటుంబం చేతికి రాసివ్వు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శ్రద్ధగా చదువు. గొలుసులు పూర్తిగా నిషేధం. రోగిని కట్టి ఉంచడం, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే జరగాలి. సిబ్బంది చాలరన్న కారణం చెల్లదు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ చివరి నిబంధన నీకు అన్యాయంగా కూడా తోచవచ్చు. అయినా అది సరైనదే. గొంతు పెరగకముందే రోగి పచార్లు మొదలుపెడతాడు, పిడికిళ్ళు బిగిస్తాడు. అప్పుడే కాస్త దూరంగా, తలుపుకు అడ్డం లేకుండా నిలబడి, తక్కువ మాటలతో పలకరిస్తే చాలాసార్లు కట్టవలసిన అవసరమే రాదు.

ఎర్రగడ్డ ఆసుపత్రి పేరెత్తితే ఊళ్ళో జోకులేస్తారని మీ అమ్మ బెంగపడుతోందట. ఆమెతో నేను మాట్లాడతాను. నువ్వు పోస్టింగుకు వెళ్ళే ముందు నోట్స్ రాయడం సాధన చేయి: "రోగి మొండిగా ఉన్నాడు" అని కాక, "ఎనిమిదింటికి మాత్ర వద్దన్నాడు, నోరు ఎండిపోతోందని చెప్పాడు" అని రాయాలి. మొదటి వారం రాసినవి, పేర్లు తీసేసి, నాకు చూపించు.

మీ పిన్ని