డెక్సామెథసోన్ ఆపేశారా? ముందు ఆ సంగతి చూడండి

ప్రశ్న: మాది కరీంనగర్. నాన్నగారికి 56 ఏళ్లు. నెల క్రితం మెదడులో గడ్డకు ఆపరేషన్ అయింది. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్), గ్రేడ్ 4 అని వచ్చింది. రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు మొదలుపెట్టాలన్నారు. షుగర్ 280 దాటిందని వాపు మాత్ర డెక్సామెథసోన్‌ని నాలుగు రోజుల కిందట మేమే ఆపేశాం. అప్పటి నుంచి తలనొప్పి అంటున్నారు, పగలంతా మత్తుగా పడుకుంటున్నారు. బంధువులు ఇచ్చిన మూలికల పొడి వాడుతున్నాం. ప్రోటాన్ థెరపీ అనే రేడియేషన్‌తో పూర్తిగా తగ్గుతుందా?

జవాబు: ప్రోటాన్ గురించి తర్వాత చెబుతాను. ముందు నాన్నగారిని ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆపరేషన్ చేసిన డాక్టరు అందుబాటులో లేకపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకైనా వెళ్లండి. ఆయన్ని చూడకుండా, స్కాన్ చూడకుండా ఇదే కారణమని చెప్పలేను. కానీ డెక్సామెథసోన్ అనే ఈ స్టెరాయిడ్ ఆపాక తలనొప్పి, మత్తు వచ్చాయంటే మెదడులో వాపు పెరిగి ఉండొచ్చు.

ఈ మాత్ర గడ్డను కరిగించదు, దాని చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. కొన్ని వారాలు వాడితే శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు, వాంతులు, విపరీతమైన నీరసం రావచ్చు. అందుకే డోసు మెల్లమెల్లగా తగ్గిస్తాం. దీనివల్ల షుగర్ పెరిగితే ఇన్సులిన్‌తో అదుపు చేస్తాం. 280 చూసి టెన్షన్ పడ్డారు, అర్థం చేసుకోగలను. కానీ ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. ఇప్పుడు కూడా పాత డోసు మీరే మళ్లీ మొదలుపెట్టొద్దు. ఫిట్స్ మాత్రలు ఇచ్చి ఉంటే వాటినీ చెప్పకుండా ఆపొద్దు. షుగర్ ఎక్కువైందనో, కడుపులో మంట అనో ఇంట్లోనే స్టెరాయిడ్ ఆపేసి, చివరికి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మూలికల పొడి ఆపండి. అందులో ఏం కలిపారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. టెమోజోలమైడ్ వల్ల ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు తగ్గొచ్చు, కాలేయం దెబ్బతినొచ్చు. పొడి కూడా వాడుతుంటే ఏది దేనివల్లో తేల్చలేం. ఇప్పటిదాకా వాడిన సంగతి మాత్రం డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక ప్రోటాన్. ఈ జబ్బు కణాలు స్కాన్‌లో కనిపించే అంచు దాటి మెదడులోకి పాకి ఉంటాయి. సర్జన్ కనిపించినదంతా తీసేసినా మళ్లీ వచ్చేది అందుకే. మామూలు రేడియేషన్ కంటే ప్రోటాన్‌తో ఈ క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బతుకుతారని ఇంతవరకు రుజువు కాలేదు. దానికోసం పొలం అమ్మొద్దు.

మీ డాక్టర్లు చెప్పినదే ప్రామాణిక చికిత్స. సాధారణంగా ఆరు వారాల్లో 30 సిట్టింగులు, దాంతోపాటు రోజూ మాత్ర. నాలుగు వారాల విరామం తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు విడతలు మాత్రలు. 2005లో వెలువడిన పెద్ద అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలు దాటి బతికితే, మాత్ర కలిపినప్పుడు అది 14.6 నెలలైంది. రెండేళ్లు దాటినవారు నూటికి 10 నుంచి 26కి పెరిగారు. పూర్తిగా తగ్గుతుందని నేను చెప్పలేను. గడ్డ ముక్క మీద చేసే ఎంజీఎంటీ అనే జన్యు పరీక్ష చేశారేమో అడగండి. అందులో మిథైలేషన్ (ఆ జన్యువు పని ఆగిపోవడం) ఉంటే ఈ మాత్ర బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్ అయ్యాక మూడు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలవ్వాలి. మీకు అప్పుడే నెల గడిచింది. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పెట్టే మాస్కు తయారీకి, ప్లానింగ్‌కి కూడా కొన్ని రోజులు పడుతుంది. సెకండ్ ఒపీనియన్ కావాలంటే బయాప్సీ స్లయిడ్లు, ఎంఆర్ఐ పట్టుకుని మీరొక్కరే వెళ్లండి. ఈలోపు ఇక్కడి పని ఆగకూడదు.

నాన్నగారికి జబ్బు సంగతి చెప్పారో లేదో రాయలేదు. ఈ గడ్డ ముందుముందు మాటను, ఆలోచనను దెబ్బతీయొచ్చు. మత్తు తగ్గి తేరుకున్నాక, ఆయన ఏం కోరుకుంటున్నారో పక్కన కూర్చుని అడగండి.