ప్రివ్యూ అని ఉంటే మనం వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. వాళ్ల సార్ బొమ్మల ప్రదర్శనకి రమ్మని మాకూ కార్డు పంపింది. అందులో ఒకచోట ‘ప్రివ్యూ: శుక్రవారం సాయంత్రం 6.30’ అని, కింద ‘ప్రదర్శన శనివారం నుంచి, ఉదయం 11 – సాయంత్రం 7, ఆదివారం సెలవు’ అని ఉంది. ప్రివ్యూ అంటే కొనేవాళ్లకేనని మావారు అంటున్నారు. శుక్రవారం వెళ్తే గుమ్మంలో ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ రోజు వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: శుక్రవారమే వెళ్లండమ్మా, ఎవరూ ఆపరు. మీవారి మాటలో నిజం లేకపోలేదు గానీ ఈ కార్డుకు అది వర్తించదు. హైదరాబాద్‌లోనూ, ముంబయి, ఢిల్లీల్లోనూ చాలా గ్యాలరీలు ప్రారంభం రోజు సాయంత్రాన్నే కార్డు మీద ప్రివ్యూ అని వేసేస్తుంటాయి. అదో అలవాటు. ‘ఆహ్వానితులకు మాత్రమే’ అని గానీ, ముందుగా ఫోన్ చేసి పేరు చెప్పమని గానీ రాసి ఉంటే అప్పుడు అది ప్రైవేటు ప్రివ్యూ. టైమూ అడ్రసూ తప్ప ఇంకేమీ లేకపోతే తలుపు అందరికీ తీసి ఉన్నట్టే.

నికార్సయిన ప్రైవేటు ప్రివ్యూకి చాలాసార్లు కార్డే ఉండదు. గ్యాలరీల్లో బొమ్మలు తగిలించే పనిలో తల నెరిసినవాణ్ణి కనుక ఆ తతంగం దగ్గర్నుంచి చూశాను. ప్రారంభానికి ఒకటి రెండు రోజుల ముందు గ్యాలరీ యజమాని చెవికి ఫోను అతుక్కుని ఉంటుంది. “సార్, హ్యాంగింగ్ అయిపోవచ్చింది. జనం రాకముందే ఒకసారి వచ్చి చూసి వెళ్లండి” అని కొద్దిమందికి చెబుతారు. ఎప్పట్నుంచో కొంటున్నవాళ్లు, ఒకరిద్దరు ఆర్కిటెక్టులు, అప్పుడప్పుడూ ఏదైనా మ్యూజియం తాలూకు మనిషి. వాళ్లు వచ్చేసరికి నేనింకా నిచ్చెన మీద స్పాట్‌లైట్ తిప్పుతూనే ఉంటాను. కింద బబుల్ ర్యాప్ చుట్టలు, డ్రిల్లింగ్ తాలూకు సున్నప్పొడి. గోడ మీద క్యాప్షన్లు కూడా అంటించి ఉండవు.

అయినా ఆ వచ్చినవాళ్లు చూసే చూపు వేరు. ఒకాయన కుర్చీ తెప్పించుకుని ఒకే బొమ్మ ముందు అరగంట కూర్చుంటారు. ఇంకొకావిడ “కాస్త దించుతావా?” అని నాచేత ఫ్రేము దింపించి, కాన్వాసు వెనకవైపు సంతకం, తేదీ చూస్తారు, ఆనక మా కొలతల టేపు తీసుకుని, ఇంట్లో సోఫా వెనక గోడకు సరిపోతుందా లేదా అని తనే కొలుచుకుంటారు. ధర మాట లోపలి గదిలో నడుస్తుంది. ఉపన్యాసాలు ఉండవు, ఫొటోలు ఉండవు. గ్యాలరీ అద్దె, కరెంటు బిల్లు గట్టెక్కేది ఈ పూటే.

జనం రాకముందు ఇలా తలుపులు వేసుకుని చేసే పనికి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లోని రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ 1769 నుంచి ఏటా ప్రదర్శన పెడుతోంది. 1809 నుంచి తమ సభ్యులకు అదనంగా కొన్ని రోజులు ఇచ్చేది. గోడకెక్కిన బొమ్మకు ఆఖరి మెరుగులు దిద్దుకుని, వార్నిష్ పూసుకోవడానికి. 1832లో ఆ రోజుల్లోనే టర్నర్, కానిస్టేబుల్ అనే ఇద్దరు ఉద్దండుల బొమ్మలు పక్కపక్కన పడ్డాయి. కానిస్టేబుల్‌ది వాటర్లూ వంతెన ప్రారంభోత్సవం. ఏళ్ల తరబడి వేసిన బొమ్మ, పడవల మీద ఎర్రెర్రగా జెండాలు. టర్నర్‌ది బూడిద రంగు సముద్రం. కానిస్టేబుల్ ఎరుపులు అద్దుకుంటుంటే టర్నర్ వెనక నిలబడి చూశాడు. వెళ్లి తన సముద్రం మధ్యలో నాణెం కంటే కాస్త పెద్ద ఎర్రటి చుక్క ఒకటి పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ చుక్క ముందు పక్క బొమ్మలోని ఎరుపంతా వెలవెలబోయింది. “ఇక్కడికొచ్చి తుపాకీ పేల్చిపోయాడు” అన్నాడట కానిస్టేబుల్. ఒకటిన్నర రోజు తర్వాత టర్నర్ మళ్లీ వచ్చి ఆ చుక్కను నీళ్ల మీద తేలే బోయాగా మలిచాడు. ప్రారంభం నాడు వచ్చిన జనానికి కనిపించింది బోయానే.

ప్రివ్యూకి పిలిచినవాళ్లంతా బొమ్మల మీద భక్తితోనే వస్తారని అనుకోకండి. అదే అకాడమీలో 1881లో జరిగిన ప్రైవేటు వీక్షణాన్ని ఫ్రిత్ అనే చిత్రకారుడు పెద్ద బొమ్మగా వేశాడు. అందులో రచయిత ఆస్కార్ వైల్డ్ ఉంటాడు, చుట్టూ ఆయన అభిమానులు. చాలామంది చూసేది ఒకరినొకరు. గోడల వంక చూసేవాళ్లను వెతుక్కోవాలి.

ఇక ప్రారంభం. అది ఊరందరి ముందూ జరిగే పని కాబట్టి తేదీ ప్రకటించాక కాస్త జరిపినా గోలే. 2022లో కేరళలోని కొచ్చి–ముజిరిస్ బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన డిసెంబరు 12న మొదలవ్వాల్సింది, పనులు పూర్తికాక 23కి వాయిదా వేశారు. అప్పటికే దిగిపోయిన అతిథులున్నారు, ఎంత మాట పడాల్సొచ్చిందో! ప్రైవేటు ప్రివ్యూ అయితే నాలుగు ఫోన్లతో సర్దుకునేది.

మన దగ్గర ప్రారంభం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముఖ్య అతిథి గంట ఆలస్యం. జ్యోతి ప్రజ్వలన, శాలువా, బొకే, సమోసా, టీ. కాగితం మీద వేసిన బొమ్మలకు దీపపు సెమ్మె ఆమడ దూరంలో పెట్టించడానికి నేను చేసిన గొడవలు ఇన్నీ అన్నీ కావు. నూనె చుక్క పడితే వాటర్‌కలర్‌కి వైద్యం లేదు. అతిథి ప్రసంగం అయ్యేదాకా అందరూ బొమ్మలకు వీపు పెట్టి నిలబడాలి. అదొక్కటే నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మీ మేనకోడలికి మాత్రం ఆ సాయంత్రం పనికొస్తుంది. చిత్రకారులు, విద్యార్థులు, రాసేవాళ్లు ఒకేచోట దొరుకుతారు. వాళ్ల సార్‌ని బొమ్మ ధర అడగొద్దని చెప్పండి, అది కౌంటర్లో ప్రైస్ లిస్టు చూసి తెలుసుకోవాల్సింది. తన బొమ్మల ఫైలు కూడా ఆ రోజు తేవద్దు, మరో రోజు టైమ్ అడిగి తీసుకెళ్లమనండి. సందర్శకుల పుస్తకంలో సంతకంతో సరిపెట్టకుండా ఫలానా బొమ్మ ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయమనండి. సార్లు అవి చదువుతారు. బొమ్మలు నిమ్మళంగా చూడాలంటే మీరు కరీంనగర్ బస్సెక్కే ముందు శనివారం 11కే మరోసారి వెళ్లండి.

ప్రశ్న: ప్రారంభం రోజే వెళ్లాను. నాకు నచ్చిన బొమ్మ పక్కన అప్పటికే ఎర్ర చుక్క ఉంది. తలుపులు తీసి పది నిమిషాలు కాలేదు. ఇది మోసం కాదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మోసం కాదు బాబూ, అమ్ముడైపోయింది. పైన చెప్పిన పూట జరిగిన బేరం అది. ఈమధ్య ఆ పూట కూడా అక్కర్లేదు. ఫొటోలు, ధరలు కలిపి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపేస్తున్నారు, దుబాయ్‌లో కూర్చున్నాయన “మూడోది నాకు” అంటాడు. వెంటనే నా చొక్కా జేబులోంచి చుక్కల షీటు బయటికి వస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే గుండ్రటి స్టిక్కర్లే అవి. సగం చుక్కో, వేరే రంగు చుక్కో కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోకండి. ఎవరో ‘ఆలోచించి చెప్తా’ అని ఆపి ఉంచారని అర్థం. కౌంటర్లో మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. అలా ఆపినవి వెనక్కి రావడం మామూలే.

అమ్మకానికి లేని బొమ్మకు కూడా చుక్క పెట్టించి సందడి చూపించే యజమానులూ లేకపోలేదు. పేర్లు అడగొద్దు.

చాలా గ్యాలరీలు ఒకేచోట స్టాళ్లు పెట్టి బొమ్మలు అమ్మే ఆర్ట్ ఫెయిర్లలో అయితే ఇందులో దాపరికమే లేదు. ఢిల్లీ ఓఖ్లాలో జరిగే ఇండియా ఆర్ట్ ఫెయిర్‌లో మొదటి రోజు పాసులున్నవాళ్లదే. స్విట్జర్లాండ్‌లోని ఆర్ట్ బాసెల్‌లోనూ ముందు ఆహ్వానితులు, ఆ తర్వాతే టికెట్ జనం. వచ్చేసారి మీ గ్యాలరీకి ఫోన్ చేసి, “ఫలానా చిత్రకారుడి బొమ్మ కొనే ఉద్దేశం ఉంది, ముందుగా చూపిస్తారా?” అని అడగండి. చిన్న బొమ్మ కొనేవాళ్లనైనా సంతోషంగా పిలుస్తారు.

ప్రశ్న: వేలంపాటకు ముందు జరిగే ప్రివ్యూకి కూడా పిలుపు కావాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మామూలుగా అక్కర్లేదు. కొందరికే పెట్టే విందు సాయంత్రం వేరుగా ఉంటే ఉండొచ్చు గానీ, మిగతా రోజుల్లో ఎవరైనా ఉచితంగా వెళ్లి చూడొచ్చు. ఇక్కడ ప్రివ్యూ ఉన్నదే కొనబోయేది కళ్లారా చూసుకోవడానికి. బొమ్మకు ఎక్కడ పగుళ్లున్నాయి, ఎక్కడ మరమ్మతు చేశారు అని రాసి ఉండే కండిషన్ రిపోర్టు అడిగితే ఇస్తారు. కొనకపోయినా వెళ్లండి. పాట ముగిశాక వాటిలో చాలా బొమ్మలు ఎవరింటి లోపలికో వెళ్లిపోతాయి, మళ్లీ ఎప్పుడు బయటికొస్తాయో చెప్పలేం.