‘డ్యూన్’ ఎవరి చేతిలో పెట్టాలి? యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన ‘తప్పక చదవాల్సిన పాతిక సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ పుస్తకాలు’ వ్యాసం రెండుసార్లు చదివాను. పాతికా మంచి పుస్తకాలే. వాటి మీద నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ చదవడం పూర్తయ్యాక, వీటిలో ఏది ముందు పట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను. ‘అద్భుతం’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. ఏ పుస్తకం ఎలాంటి పాఠకుడికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో ఒక్కసారీ రాలేదు. పుస్తకం బాగుందని నమ్మడం వరకు నీ పని నువ్వు చేశావు. ఎదుటి మనిషి దాన్ని చివరిదాకా చదవగలడా, ఎక్కడ ఆగిపోతాడు, ఆగిపోకుండా ముందే ఏం చెప్పాలి అన్నవి మిగిలిపోయాయి. సిఫార్సు రాసేవాడికి అసలు పని అదే.

నీ జాబితాలో మొదటిదైన ‘డ్యూన్’నే చూద్దాం. ఒక ఎడారి గ్రహం చుట్టూ తిరిగే ఫ్రాంక్ హెర్బర్ట్ నవల, 1965లో పుస్తకంగా వచ్చింది. దీన్ని ఉత్సాహంగా కొని, వంద పేజీలు దాటకుండానే పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కడైనా కనిపిస్తారు. వాళ్లకి తెలివి చాలక కాదు. మొదటి అధ్యాయంలోనే బెనె గెసెరిట్, గోమ్ జబ్బార్, క్విసాట్జ్ హాడెరాక్, మెంటాట్ అంటూ మాటలు వివరణ లేకుండా మీద పడతాయి. చివర్లో పదకోశం ఉంది కదా అని పాఠకుడు మాటమాటకీ వెనక్కి తిప్పుతాడు. నాలుగుసార్లు తిప్పేసరికి కథ చెయ్యి జారిపోతుంది. అందుకే నీ సిఫార్సులో మొట్టమొదట ఉండాల్సింది ఇది: ‘మొదటిసారి చదివేటప్పుడు పదకోశం జోలికి వెళ్లొద్దు. తెలియని మాటని అలాగే వదిలేసి ముందుకు పొండి. రెండు మూడు సందర్భాల్లో తగిలాక దానంతటదే బోధపడుతుంది.’ ఈ మూడు ముక్కలు చెబితే ఆ వంద పేజీలూ దాటించినట్టే.

తర్వాత ఉత్కంఠ సంగతి. ఈ నవలలో ద్రోహం చేయబోయేది ఎవరో రెండో అధ్యాయంలోనే శత్రువుల నోట చెప్పించేస్తాడు రచయిత. ప్రతి అధ్యాయం నెత్తినా యువరాణి ఇరులాన్ రాసినట్టుగా ఒక ముక్క ఉంటుంది, జరగబోయేదాన్ని అది కూడా ముందే సూచిస్తూ పోతుంది. ‘చేసిందెవరు’ అనే ఊపు మీద చదివే డిటెక్టివ్ పాఠకుడికి ఇది చప్పగా తోస్తుంది, అతనికి వేరే పుస్తకం చెప్పు. తెలిసిన గండంలోకి మనిషి ఎలా నడిచి వెళ్తాడో చూడగలిగేవాడికి మాత్రం ఇది విందు. అభిమన్యుడు తిరిగి రాడని తెలిసే కదా మనం పద్మవ్యూహం కథ వింటాం! ఈ పోలిక నీ వ్యాసంలో ఉంటే తెలుగు పాఠకుడికి ‘డ్యూన్’ నడక ఒక్క క్షణంలో అర్థమయ్యేది. స్పాయిలర్ల గొడవకి కూడా ఇది జవాబు. రచయిత తానే ముందు చెప్పేసినదాన్ని నువ్వు దాచక్కర్లేదు, రచయిత దాచినదాన్ని నువ్వు బయటపెట్టకూడదు.

ఇక ఎక్కడ ఆగవచ్చో చెప్పాలి. హెర్బర్ట్ రాసినవి ఆరు నవలలు, చివరిది 1985లో వచ్చింది. మొదటిది ఒక్కటీ చదివి ఆపినా కథ పూర్తయినట్టే ఉంటుంది. కానీ కథానాయకుడు పాల్ అట్రైడీస్ లోకరక్షకుడా కాదా అని ఎవరితోనైనా వాదించబోతుంటే మాత్రం 1969లో వచ్చిన రెండో నవల ‘డ్యూన్ మెసయ్య’ చదవకుండా నోరు విప్పకు. అందులో పాల్ తన పేరు మీద జరిగిన యుద్ధాల్లో తక్కువలో తక్కువ 6,100 కోట్ల మంది చనిపోయారనీ, 90 గ్రహాలు నిర్జీవమైపోయాయనీ తానే లెక్క చెబుతాడు, చెంఘిజ్ ఖాన్, హిట్లర్‌ల పేర్లెత్తి మరీ. ‘తెల్లవాడు ఎడారి జనాన్ని ఉద్ధరించిన కథ’ అని తిట్టేవాళ్లకీ, ‘మహావీరుడి కథ’ అని మురిసిపోయేవాళ్లకీ కూడా ఆ పేజీ చూపించాలి. అది చూశాక కూడా ఎవరి అభ్యంతరం వాళ్లకి మిగలొచ్చు. అప్పుడు జరిగే వాదనకి బలం ఉంటుంది.

ఇలా ఒక్కో పుస్తకానికి రెండొందల నుంచి రెండొందల యాభై మాటలు కావాలి. పాతిక పుస్తకాలకి అంత చోటు రాదు కాబట్టి మూడు తీసుకో. ఆ మాటల్లో సగం కథకి ఖర్చు పెట్టకు. కథ మూడు వాక్యాలు దాటకూడదు, అవి కూడా మొదటి అయిదోవంతు పుస్తకం దాటిపోకూడదు. మిగతాదంతా ఆ పుస్తకం పాఠకుణ్ణి ఏం అడుగుతుందో, ఎప్పుడు తిరిగి ఇస్తుందో చెప్పడానికి. అజిమోవ్ ‘ఫౌండేషన్’ గురించి నువ్వు కథంతా చెప్పావు. అవసరమైనది వదిలేశావు: అయిదు భాగాల ఆ పుస్తకంలో కాలం దశాబ్దాలు దూకుతుంది, మనుషులు మారిపోతూ ఉంటారు, స్త్రీ పాత్రలు దాదాపు లేవు. ఒక మనిషిని పట్టుకుని చదివేవాళ్లకి ఇది ముందే తెలియాలి. చరిత్ర పుస్తకాలు ఇష్టపడేవాళ్లకి మాత్రం నిర్భయంగా చెప్పొచ్చు.

బాధ పెట్టే విషయం ఉంటే దాచకు. ఎన్.కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’ గొప్ప నవల. ఆ వరసలోని మూడు పుస్తకాలకీ 2016, 2017, 2018లలో వరుసగా హ్యూగో అవార్డు వచ్చింది. కానీ అది మొదలయ్యేదే ఒక తండ్రి తన పసికొడుకుని కొట్టి చంపేసిన ఇంట్లో, ఆ తల్లి పక్కన. చిన్నపిల్లలున్న అమ్మకి ఈ పుస్తకం ఇస్తూ ఆ ముక్క చెప్పకపోతే ఆమె నీ మాట మళ్లీ నమ్మదు. అవార్డు పేరెత్తినప్పుడు అది ఎవరిచ్చేదో కూడా ఒక మాట వెయ్యి. హ్యూగోకి ఓటేసేది వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ సభ్యులైన పాఠకులు, నెబ్యులాకి సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం సభ్యులు, ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు న్యాయనిర్ణేతలు ఇచ్చేది. మూడింటినీ ఒకే గాటన కట్టి ‘అవార్డు పుస్తకం’ అంటే పాఠకుడికి ఏమీ తెలియదు.

సిరీస్ అయితే ఎన్ని పుస్తకాలు, పూర్తయిందా లేదా అన్నది రెండో వాక్యంలోనే రావాలి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో మొదటి పుస్తకం 1996ది, అయిదోది 2011ది. ఏడు రాస్తానన్న రచయిత అక్కడే ఆగి ఉన్నాడు. ఇది తెలిసి మొదలుపెట్టినవాడు నిన్ను తిట్టుకోడు. టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’ 41 నవలలు. మొదటిదాంతో మొదలుపెట్టమనకు, అప్పటికి రచయిత చెయ్యి ఇంకా కుదురుకోలేదు. ‘మోర్ట్’ గానీ, ‘గార్డ్స్! గార్డ్స్!’ గానీ ఇవ్వు. సి.ఎస్. లూయిస్ పిల్లల ఫ్యాంటసీ సిరీస్ ‘నార్నియా’కి రెండు వరసలున్నాయి, అచ్చయిన వరస ఒకటి, కథాకాలం వరస ఒకటి. 1990ల నుంచి పుస్తకాల మీద రెండో వరస అంకెలే వేస్తున్నారు. నా మాట వింటే అచ్చయిన వరసే చెప్పు. మంచు అడవి మధ్యలో ఒంటరిగా వెలిగే వీధిదీపం 1950 నాటి మొదటి పుస్తకంలో ఒక వింత. అదక్కడికి ఎలా వచ్చిందో చెప్పే పుస్తకం 1955ది. దాన్ని ముందు చదివితే ప్రశ్న పుట్టకముందే జవాబు దొరికి, ఆ దీపం మామూలు స్తంభం అయిపోతుంది.

వాదనల దగ్గరికి వస్తే, సగం తగువులు ఇద్దరూ ఒకే పుస్తకం చదవకపోవడం వల్ల పుడతాయి. టోల్కీన్ ‘హాబిట్’ 1937 ప్రతిలో గొల్లమ్ అనే గుహజీవి, కథానాయకుడు బిల్బోతో వేసిన పొడుపుకథల పందేనికి తన మాయ ఉంగరాన్నే బహుమతిగా ఒడ్డుతాడు. ఓడిపోయాక అది కనిపించకపోతే క్షమాపణ చెప్పి బిల్బోకి దారి చూపిస్తాడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఆ ఉంగరం పట్టుకున్నవాణ్ణి వదలనిది, కాబట్టి అది రాస్తున్న టోల్కీన్‌కి ఆ మర్యాద కుదరలేదు. 1951 ప్రతిలో ఆ అయిదో అధ్యాయాన్ని తిరగరాశాడు. పాత కథనం బిల్బో చెప్పిన అబద్ధం అంటూ తర్వాతి పుస్తకం ముందుమాటలో సర్దాడు కూడా. ‘సొలారిస్’ సంగతీ ఇంతే. స్తానిస్వాఫ్ లెమ్ పోలిష్‌లో రాసిన ఈ నవల 1961లో వచ్చింది. 1970 నాటి ఇంగ్లీషు అనువాదం ఫ్రెంచి నుంచి చేసింది, పోలిష్ నుంచి సూటిగా చేసినది 2011లో గానీ రాలేదు. నాయిక పేరు మొదటిదాంట్లో రేయా, రెండోదాంట్లో హారీ. ‘లెమ్ వాక్యం మొద్దుగా ఉంది’ అని ఎవరైనా అంటే, నాయిక పేరేమిటని అడుగు. ఏ అనువాదం మీద ఫిర్యాదో తెలిసిపోతుంది. నువ్వు రాసేటప్పుడు కూడా ఏ సంవత్సరం ప్రతి, ఎవరి అనువాదం అన్నది రాసుకుని ఉంచుకో.

తెలుగువాడిగా నువ్వు కొత్తగా చెప్పగలిగే మాట ఉన్న చోట ఇంకాస్త ఆగు. ఉర్సులా లె గ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ (1969) మీద నువ్వు రాసిన పేరా అన్నిటికన్నా చిన్నది. ఆ గ్రహం మనుషులు నెలలో కొద్ది రోజులు తప్ప ఆడా కాదు, మగా కాదు. అయినా పుస్తకమంతా వాళ్లని ‘అతను’ అనే అంటుంది. దీని మీద పెద్ద దుమారం రేగింది. ఆమె 1976లో ఒక వ్యాసంలో తన పద్ధతిని సమర్థించుకుంది. 1980ల చివర అదే వ్యాసానికి కొత్త టిప్పణులు రాసి, తన వాదన సరికాదని ఒప్పుకుంది. సరే, ఆ నవలని తెలుగులో చెయ్యాలంటే? ఇంగ్లీషులో సర్వనామం ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మన దగ్గర క్రియే పట్టించేస్తుంది: ‘వచ్చాడు’ అంటే మగ, ‘వచ్చింది’ అంటే ఆడ, లేదా మనిషే కాదు. ‘తను’ అని సర్వనామాన్ని దాటేసినా వాక్యం చివర దొరికిపోతాం. ‘వచ్చారు’ అంటే లింగం పోతుంది గానీ, గౌరవం వచ్చి కూర్చుంటుంది. రాజూ ‘వచ్చారు’, తలుపు తీసే నౌకరూ ‘వచ్చారు’ అయితే, హోదా పట్టింపుల మీద నడిచే ఆ దేశపు రాజకీయం ఏమవుతుంది? నువ్వు ఒకే ఒక్క పేజీ అనువదించి చూడు. ఎక్కడెక్కడ చెయ్యి ఆగిందో రాసిపెట్టు. ఆ నవల మీద ఇంగ్లీషులో ఇన్నేళ్లుగా నడిచిన చర్చకి నువ్వు చేర్చగలిగేది ఆ పేజీలో ఉంది.

సైన్స్ ఫిక్షనా, ఫ్యాంటసీనా అన్న తగువులో ఎక్కువసేపు ఉండకు. ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’ (1979)లో ఒక నల్లజాతి స్త్రీ 1976 కాలిఫోర్నియా నుంచి బానిసత్వం నాటి మేరీలాండ్‌కి పదేపదే లాగబడుతుంది. ఎలా అన్నది పుస్తకంలో ఎక్కడా లేదు. ఇందులో సైన్స్ లేదని, ఇది ఫ్యాంటసీయేనని బట్లరే చెప్పింది. కాలయంత్రం ఎలా పనిచేస్తుందో వెతుక్కునే పాఠకుణ్ణి హెచ్చరించడానికి ‘ఫ్యాంటసీ’ అన్న పేరు ఉపయోగపడుతుంది, అంతవరకే.

మన దగ్గరి పుస్తకాలని జాబితా చివర ‘తెలుగులో కూడా’ అని ఒక్క వాక్యంలో తోసేశావు. ఇది నాకు బాగా బాధ అనిపించింది. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో గుర్రం ముఖం గంధర్వుడొకడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పడతాడు. వీడు జంతువా, మనిషా అని ఇంగ్లీషువాళ్లు తలలు పట్టుకుంటారు. పరలోకపు జీవి ఎదురైతే మన జ్ఞానం ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న ‘సొలారిస్’ది కూడా. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు: ఒకటి నవ్విస్తూ, మరొకటి దిగులు పెట్టి అడుగుతాయి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘మకర దేవత’ సీరియల్స్ చదివి పెరిగినవాళ్లకి, ప్రతి భాగం ఒక ప్రమాదం దగ్గర ఆగడం అలవాటు. వాళ్లకి 19 అధ్యాయాల ‘హాబిట్’ హాయిగా నడుస్తుంది. ఇంగ్లీషు నవల ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకి లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) ఇవ్వు. సుమారు రెండొందల పేజీలు, వాక్యం తేట. వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుందన్న సూత్రం, మంత్రాల కథలు విన్న మనకి కొత్తగా అనిపించదు. థ్రిల్లర్ పాఠకుడికి అమితావ్ ఘోష్ ‘ది కలకత్తా క్రోమోజోమ్’ చెప్పు. 1997లో క్లార్క్ అవార్డు పొందిన నవల. సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్న అసలు చరిత్ర చుట్టూ అల్లిన కథ. కాలాలు ముందుకీ వెనక్కీ దూకుతాయి, చివర్లో ముడులన్నీ విప్పడు. ఆ సంగతి ముందే చెప్పెయ్యి.

ఈ పాతికలోంచి మూడు తీసి తిరగరాసి పంపు. ఒక్కోదాని కింద, ‘ఇది ఎవరికి ఇవ్వను’ అన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉండాలి. ‘డ్యూన్’ ముందు పంపు. లె గ్విన్ పేజీ అనువాదం కొట్టివేతలతో సహా పంపినా ఫర్వాలేదు, అవే నాకు కావాలి.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య