జ్వరం దిగిన మంచం దగ్గరే నిలబడు

చిన్నీ,

నీకు జ్వరాల వార్డులో డ్యూటీ వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మనింట్లో ఇంకో నర్సమ్మ అని మురిసిపోయాను. ఆ వెంటనే వానాకాలం డెంగీ కేసులు గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

దోమతెర కట్టడం, పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకపోవడం నీకు చదువులోనే చెప్పుంటారు. నా భయమంతా జ్వరం దిగిన రోజు గురించే.

నేను పనిచేసిన ఒకచోట పదో తరగతి పిల్ల ఉండేది. ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. వాళ్లమ్మ సంబరంగా ఇడ్లీ తెచ్చింది. డిశ్చార్జి చీటీ రాసేశారు. పిల్ల ఇడ్లీ ముట్టలేదు, కడుపునొప్పని ముడుచుకు పడుకుంది. గ్యాస్ అన్నారు. సాయంత్రానికి ఆటోలో మళ్లీ తీసుకొచ్చారు. చేతులు చల్లగా ఉన్నాయి, బీపీ 90/75. పై అంకె చూసి పర్లేదన్నవాళ్లున్నారు! రెంటికీ మధ్య తేడా 20కి పడిందంటే షాకేనే తల్లీ, ఒంటికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. ఆ పిల్ల బతికింది, అదృష్టం.

అప్పటికి వైరస్ తగ్గుముఖం పట్టే ఉంటుంది. దాన్ని తరమడానికి ఒళ్లు వదిలిన రసాయనాల వల్ల రక్తనాళాలు కారడం మొదలవుతుంది. ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతారు, నువ్వు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరుగుతోందా చూడు. బొప్పాయాకు రసం గురించి బంధువులతో వాదన పెట్టుకోకు, టైము దండగ.

ఇంతకుముందు డెంగీ వచ్చిందేమో అడుగు. దాంట్లో నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ రకం మళ్లీ రాదు. కానీ ఆ యాంటీబాడీలు ఇంకో రకాన్ని పట్టుకోగలవు గానీ చంపలేవు. పైగా దాన్ని తెల్లకణాల్లోకి చేరుస్తాయి, ఇంటి కుక్కే దొంగకి దారి చూపినట్టు. క్యూబాలో 1977లో ఒకటో రకం, 1981లో రెండో రకం వచ్చాయి. మొదటిది తగలని ఏడాది, రెండేళ్ల పిల్లల్లో రెండోసారి తీవ్రమైన డెంగీ దాదాపు కనబడలేదు. ఏడాది నిండని పసివాళ్ల సంగతి వేరు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే వాళ్లని ముంచొచ్చు, జాగ్రత్త.

గండం 24 నుంచి 48 గంటలు. అది గడిచాక కారిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడూ సెలైన్ అదే స్పీడులో ఎక్కిస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తగ్గించమంటారా అని డాక్టరుగారిని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. అడిగొచ్చి అన్నం తిను. టీలతో పూట గడిపేసే మీ నాన్న అలవాటు నీకూ వచ్చిందట, మీ అమ్మ చెప్పింది.

మీ అత్త