కోపిష్టి వేటగాడు, వాంపైర్ ఒకే ఇంట్లో ఉంటే: ముందు ఆ ఇల్లు ఎవరిది?

మీ కథలోని వాంపైర్ల వేటగాడికి ముక్కు మీద కోపం, వేరే దారి లేక ఒక వాంపైర్‌తో కలిసి ఉంటున్నాడు, రెండు అధ్యాయాలు అయ్యేసరికి ఇద్దరూ అరుచుకోవడం తప్ప ఏమీ జరగట్లేదు, రొమాన్స్ కలిపితే కథ కదులుతుందా అని అడిగారు. ఇలాంటి జంటతోనే నేనూ ఆన్‌లైన్‌లో ఒక సీరియల్ రాశాను. రొమాన్స్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఇల్లు ఎవరిదో తేల్చండి.

1897లో వచ్చిన 'డ్రాక్యులా' నవలలో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు రమ్మంటే తప్ప వాంపైర్ మొదటిసారి లోపలికి రాలేడు, ఒకసారి పిలిచాక మాత్రం ఇక ఎప్పుడైనా వస్తాడు. యజమానే పిలవాలని లేదు, చూశారా! నా సీరియల్‌లో వేటగాడి తల్లి పిలిచింది, ఎవరో పాపం వానలో తడుస్తున్నాడనుకుని. ఇక అక్కడి నుంచి వాడు అరిచేది వాంపైర్ మీదే, మంట మాత్రం అమ్మ మీద, ఆవిడనేమో ఒక్క మాట అనలేడు. గొడవలు రాయడానికి నేను పెద్దగా కష్టపడాల్సిన పనే లేకపోయింది.

కోపం గురించి ఇంకో మాట. కోపిష్టి మనిషితో ఒకే ఇంట్లో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి చెప్తున్నా, వాళ్లు అసలు విషయం మీద అరవరు. కుళాయి సరిగా కట్టలేదని, తలుపు గడియ పెట్టలేదని అరుస్తారు. నిజంగా మండినప్పుడు నోట మాట ఉండదు, వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగా చప్పుడవుతాయి. మీ వేటగాడు ప్రతి పేజీలో "నిన్ను చంపేస్తా" అంటుంటే మూడోసారికి ఎవరికీ టెన్షన్ ఉండదు.

దానికి బదులు చేతికి ఏదైనా పని ఇవ్వండి. తూర్పు యూరప్ జానపద నమ్మకాల్లో గింజలు చల్లితే వాంపైర్ వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా ఉండలేడు, అందుకే సమాధుల దగ్గర గసగసాలు చల్లేవారట. నా వేటగాడు ఒక రాత్రి కోపం పట్టలేక డబ్బాడు గసగసాలు నేల మీద కుమ్మరించేశాడు. పాపం ఆ వాంపైర్ మోకాళ్ల మీద కూర్చుని తెల్లవారేదాకా లెక్కపెడుతూనే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. మర్నాడు వేటగాడే చీపురు తీసుకున్నాడు. క్షమాపణ చెప్పించమని చాలామంది పాఠకులు అడిగారు గానీ నేను చెప్పించలేదు, అలాంటి మనిషికి చీపురు పట్టడమే ఎక్కువ.

ఇక మీకు అన్నిటికంటే పనికొచ్చేది శనివారం. గ్రీకు పల్లెల్లో వాంపైర్‌లా సమాధిలోంచి లేచొచ్చే శవాలను వృకోలకస్ అంటారు, అవి శనివారం సమాధి వదిలి బయటికి రావని, అంతం చేయాలంటే ఆ రోజే చేయాలని నమ్మేవారు. ఇది మీ ఇంట్లోకి తెచ్చుకోండి. అంటే వారానికి ఒకరోజు పక్క గదిలో వాంపైర్ కదలకుండా పడుకుని ఉంటాడు, వేటగాడి దగ్గర కొయ్య మేకు ఉంది, అడ్డు చెప్పేవాళ్లు లేరు. మరి ఎందుకు చంపలేదు? మొదటి వారం ఏదో సాకు దొరుకుతుంది, గాయం తగిలిందనో, సమాచారం రాబట్టాలనో. తర్వాత సాకులు అయిపోతాయి, శుక్రవారం వస్తోందంటేనే వాడికి చిరాకు మొదలవుతుంది, ఆ చిరాకు ఎందుకో వాడు ఎవరికీ చెప్పుకోలేడు. మీకు రాసుకోవడానికి బోలెడంత దొరికేది ఇక్కడే, మిగతా నియమాలు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

రొమాన్స్ అంటారా, వాడు ఎందుకు చంపలేదో మీకు తెలిశాక పెట్టాలో వద్దో కూడా తెలుస్తుంది. నేనైతే పెట్టలేదు, దానికి కొంతమంది నన్ను ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.